క్యూబా దారి, నెల్లూరు దారి

పెద్దలకు అక్షరాలు నేర్పడంలో క్యూబాది మెరుపు వేగం. 1961లో హైస్కూళ్లు మూసేసి, లక్ష మంది దాకా కుర్రకారును లాంతర్లు ఇచ్చి పల్లెలకు పంపారు. ప్రభుత్వ లెక్కల్లో నిరక్షరాస్యత 23 శాతం నుంచి ఏడాదిలోనే 4 లోపుకు దిగింది. ఇప్పుడు బడులు మూస్తామంటే ఏ తల్లిదండ్రులు ఒప్పుకుంటారు?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడుల మీద నడిచింది. నేర్పింది స్వచ్ఛంద కార్యకర్తలు. శాతాల్లో క్యూబాతో పోటీ పడలేం. కానీ ఇక్కడి వాచకంలో ఆడవాళ్ల బతుకే ఉంది: తాగే మొగుడు, ఇంటిని ముంచే సారా. పాఠం చదివి ఊరుకోలేదు వాళ్లు. దూబగుంటలో సారా అంగడి మూయించారు. పోరాటం జిల్లాలు దాటింది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నా ఓటు నెల్లూరుకే.