మిద్దెతోట చూడటానికి గుంపుగా వెళ్లాలా, ఒక్కరుగానా?

ఈ చలికాలంలో నన్ను కనీసం పదిమంది ఒకే ప్రశ్న అడిగారు. "మిద్దెతోట పెట్టే ముందు ఎవరైనా పెంచుతున్నది ఒకసారి చూడాలండీ. వాట్సాప్ గ్రూపు వాళ్లు ఆదివారం తీసుకెళ్తారట. వాళ్లతో వెళ్లమంటారా, విడిగా అడిగి వెళ్లమంటారా?"

హైదరాబాద్‌లో నేను రెండు రకాలుగానూ తిరిగాను. ఎవరి తోటైనా చూసి వచ్చాకే మొదలుపెట్టాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. నారపల్లిలో తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి మిద్దెతోట చూసి ఉత్సాహం తెచ్చుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఎలా చూడాలన్న దగ్గరే నాకు పట్టింపు ఉంది.

ఆదివారం గుంపుగా వెళ్లడంలో లాభాలు చిన్నవేం కాదు. పొద్దున పదింటికి బయల్దేరితే భోజనాల వేళకి మూడు తోటలు చూడొచ్చు. ఒకరు గ్రో బ్యాగుల్లో పెంచుతుంటారు, ఒకరు పాత పెయింటు డబ్బాల్లో, ఇంకొకరు ఇటుకలతో కట్టిన మడుల్లో. మడులైతే స్లాబు మీద బరువు సంగతేమిటి, డబ్బాకి రంధ్రం అడుగున పెట్టాలా పక్కన పెట్టాలా అన్నవి అక్కడికక్కడే పోల్చుకోవచ్చు. విత్తనాలు చేతులు మారతాయి. మా ఇంట్లో ఇప్పుడు కాస్తున్న నాటు చిక్కుడు అలా ఒక పిన్నిగారు కొంగుముడి విప్పి ఇచ్చిన నాలుగు గింజల పంటే. తోట ఉన్నవాళ్లకీ ఇది సుఖం. ఇరవైమంది ఇరవై రోజులు తలుపు తట్టే బదులు ఒక్క పూట టీ పెడితే సరిపోతుంది.

అయితే గుంపుతో వెళ్లినప్పుడు మనం చూసేది సర్దిపెట్టిన తోట. ముందురోజే ఎండుటాకులు ఏరేస్తారు. పిండినల్లి పట్టిన మందార, పేనుబంక కమ్మిన చిక్కుడు నీళ్ల ట్యాంకు వెనక్కి చేరతాయి. అందులో తప్పేం లేదు, చుట్టాలొస్తున్నారంటే మనమూ ఇల్లు సర్దుకుంటాం. కానీ కొత్తవాళ్లు చూడవలసిన కుండీలు చాలావరకు ఆ ట్యాంకు వెనకే ఉంటాయి.

నా వరకు తేల్చేసింది మాత్రం ఇది కాదు, వేళ. రెండేళ్లపాటు మా బీరపాదుకి పిందెలు వేలెడు కాకుండానే పసుపు తిరిగి రాలిపోయేవి. మూడు ఆదివారాలు మూడు తోటల్లో అడిగాను. నీళ్లు ఎక్కువయ్యాయని ఒకరు, బలం చాలలేదని ఒకరు, తొట్టి చిన్నదని ఒకరు అన్నారు. అన్నీ చేసి చూశాను, పిందె నిలవలేదు. తర్వాత సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ మాస్టారికి ఫోన్ చేసి, వీలైన రోజు చెప్పమంటే, "బుధవారం సాయంత్రం అయిదున్నరకి రామ్మా, నేను పనిలో ఉంటాను, ఫర్వాలేదా?" అన్నారు.

వెళ్లేసరికి ఆయన బీరపందిరి కింద స్టూలు వేసుకుని నిలబడి ఉన్నారు. గుత్తిలోంచి ఒక మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వు నడిమధ్య మెల్లగా అద్దారు. పక్కదానికీ అలాగే. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, సొరపువ్వు పొద్దుగూకే వేళకి. ఆ సమయానికి మూడో అంతస్తు మీద తేనెటీగ కనబడదు, మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకి చేర్చే పని మనమే చేయాలి, లేకపోతే పిందె రాలిపోతుంది. గుమ్మడి, కాకర అయితే పొద్దున్నే చేసుకోవాలి. ఆదివారం పదింటికి ఎన్ని తోటలు తిరిగినా బీర దగ్గర ఈ పని నా కంటపడేది కాదు. ఆ వారం నుంచే నేనూ మొదలుపెట్టాను, పిందెలు నిలబడ్డాయి.

అదే రోజు ఆయన తొట్టిలోంచి గుప్పెడు మట్టి తీసి నా చేతిలో పెట్టారు. పిసికితే ముద్ద కట్టాలి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. అంత తడి ఉంటే ఇక ఆ పూట నీళ్లు అక్కర్లేదు. ఎర్రమట్టి ఎంత, పశువుల ఎరువు ఎంత, వేపపిండి ఎంత అన్న పాళ్లు అంతకుముందే నా పుస్తకంలో పేజీ నిండా రాసుకున్నాను. చేతికి తెలిసే ఆ తడి మాత్రం ఆ రోజే తెలిసింది. నేను అడగకుండానే ట్యాంకు వెనక్కీ తీసుకెళ్లి, ఈ ఏడు పోయిన వంగమొక్కల్ని చూపించి, ఎందుకు పోయాయో చెప్పారు. ఇరవైమంది ముందు ఆ మాట ఎవరు మాత్రం చెప్పగలరు?

విడిగా వెళ్లేవాళ్లు ఇంటివాళ్ల ఇబ్బంది చూసుకోవాలి. ముందే ఫోన్ చేసి, వాళ్లు నీళ్లు పోసే వేళో పురుగుమందుగా వేపనూనె కొట్టే వేళో అడిగి అప్పుడే వెళ్లండి. ఊరికే నిలబడకుండా ఒక బకెట్టు అందుకోండి. కొమ్మ కావాలంటే అడిగి తీసుకోండి, మీ దగ్గరున్న విత్తనాలు నాలుగు పట్టుకెళ్లండి.

యూట్యూబ్ వీడియోలు మొక్కల పేర్లు తెలుసుకోవడానికి సరే. నెక్లెస్ రోడ్డులో జరిగే నర్సరీ మేళా, కడియం నర్సరీలు కొనుక్కోవడానికి వెళ్లే చోట్లు, తోట నేర్చుకోవడానికి కాదు.

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకి ఈ చిక్కు తక్కువ. అక్కడ నేషనల్ గార్డెన్ స్కీమ్ కింద 1927 నుంచి ఇంటి తోటల్ని జనానికి తెరిచి చూపిస్తున్నారు. మొదట్లో తలకి ఒక షిల్లింగు తీసుకుని, ఆ డబ్బు నర్సుల సేవకి ఇచ్చారు. అందరికీ తెరిచే రోజులతో పాటు, ముందుగా మాట్లాడుకుని వెళ్లే ఏర్పాటూ ఉంది. మన దగ్గర అది ఒక్క ఫోన్ కాల్‌తో అయ్యే పని.

అసలు కుండీ కూడా కొననివాళ్లైతే ఒక్క ఆదివారం గుంపుతో వెళ్లి రండి. ఆ తర్వాత మాత్రం తిరిగిన వాటిలో నచ్చిన ఒక్క తోటకి, ఒక్కరే, మూడు నాలుగుసార్లు వెళ్లమంటాను. అందులో ఒకటి మే నెలలో అయితే మరీ మంచిది. డిసెంబరులో ఎవరి మిద్దె చూసినా పచ్చగానే ఉంటుంది.

నేను మాస్టారిని మే నెలలో మళ్లీ రమ్మంటారా అని అడిగాను. "టమాటా చూడాలని వస్తే మాత్రం వద్దమ్మా, ఆ ఎండకి పూత నిలవదు. బచ్చలీ గోంగూరా చూద్దువుగాని, రా. నీడకి గ్రీన్ నెట్ కట్టాలి, ఇంకో మనిషి ఉంటే త్వరగా అయిపోతుంది" అన్నారు.