బీజింగ్ భాషా విశ్వవిద్యాలయం: రెండేళ్లు చదివి, తొమ్మిదేళ్లకు పైగా వాడాక

2014 సెప్టెంబరు నుంచి 2016 జులై దాకా బీజింగ్ లాంగ్వేజ్ అండ్ కల్చర్ యూనివర్సిటీలో చైనీస్ చదివాను. అక్కడివాళ్లు పొట్టిగా పేయ్‌యూ అంటారు. తిరిగొచ్చినప్పట్నుంచి సూళ్లూరుపేట, తడ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఇంటర్‌ప్రెటర్ పని చేస్తున్నాను. "అక్కా, అక్కడ చేరొచ్చా?" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. చేరిన కొత్తలో రాసిన సమీక్షలు బోలెడు దొరుకుతాయి. నేర్చుకున్నదాన్ని ఇన్నేళ్లు వాడాక ఏం మిగిలిందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాకు మిగిలింది ఉచ్చారణ. మాటలు మర్చిపోయాను, మళ్లీ నేర్చుకున్నాను. వ్యాకరణం పనిలో పడ్డాక దానంతటదే సర్దుకుంది. నోరు మాత్రం అక్కడ ఎలా తిప్పారో ఇప్పటికీ అలాగే తిరుగుతోంది.

అది ఊరికే రాలేదు. 1962లో ఆ సంస్థ పుట్టిందే విదేశీ విద్యార్థులకు చైనీస్ నేర్పడానికి. చైనీస్ ఎంత వచ్చో తేల్చడానికి ఇప్పుడు మనమంతా రాసే హెచ్‌ఎస్‌కే పరీక్ష తయారీ 1984లో మొదలైంది కూడా అక్కడే. సొంత ప్రచురణ సంస్థ ఉంది, చైనీస్ నేర్పే పుస్తకాలు చాలా దేశాలకు అక్కణ్నుంచే వెళ్తాయి. ఇప్పటి కజకిస్తాన్ అధ్యక్షుడు తొకాయెవ్ సోవియట్ విదేశాంగ శాఖలో ఉన్నప్పుడు, 1983లో, అక్కడే శిక్షణ తీసుకున్నారు. ఇన్ని దేశాల నోళ్లు చూసిన చోటు కాబట్టి, ఏ భాషవాళ్ల నాలుక ఎక్కడ జారుతుందో అక్కడి టీచర్లకు ముందే తెలుసు.

నాది ఎక్కడ జారిందో చెబుతాను. చైనీస్‌లో నాన్నను పా అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు దాన్ని 'బి'తో రాస్తారు కాబట్టి నేను బా అనేదాన్ని. 'పి'తో రాసే ఇంకో మాట ఉంది, దానర్థం భయపడటం. దాన్ని 'ఫ'తో పలికేదాన్ని. మనం ఫలం, ఫలితం అని రాసినా నోట్లో వచ్చేది ఇంగ్లీషు 'ఎఫ్' కదా, ఆ అలవాటు. మా లావ్‌షీ, అంటే టీచరమ్మ, నా బెంచీ దగ్గరికొచ్చి, వేలెడు వెడల్పున్న పల్చటి కాగితం ముక్క నా పెదాల ముందు పట్టుకుంది. నాన్న అంటే కాగితం కదలకూడదు. భయం అంటే ఎగిరిపడాలి. పెదాలు రెండూ మూసి, ఊపిరి ఒక్కసారిగా వదలాలి. ఆ రోజు క్లాసంతా చూస్తుండగా ముప్ఫైసార్లు అనిపించింది. ఆవిడ ముఖంలో విసుగన్నది లేదు. రాత్రి హాస్టల్లో అద్దం ముందు కాగితం పట్టుకుని మళ్లీ నేనే చేసుకున్నాను.

ఇంకో సంగతి, తెలుగువాళ్లు ధైర్యంగా వెళ్లొచ్చని చెప్పడానికి. శ, ష, స మూడూ చైనీస్‌లో వేరువేరుగా ఉన్నాయి. చిన్నప్పుడు అయ్యవారు కొట్టి నేర్పిన తేడా అక్కడ అక్కరకొచ్చింది. చలి, చాప, చుక్క అనేటప్పుడు పళ్ల దగ్గర పుట్టే చ ఉందే, అదీ ఉంది. మా క్లాసులో సగం మంది దానికోసం వారాల తరబడి తంటాలు పడ్డారు. నాకు చలి అన్నంత తేలిగ్గా వచ్చింది.

అన్నిటికంటే నాకు సంతోషం కలిగించింది మేము, మనం తేడా. బీజింగ్ మాటల్లో వొమెన్ అంటే మేము, చాన్‌మెన్ అంటే మనం, ఎదుటివాళ్లను కలుపుకుని. లావ్‌షీ బోర్డు మీద గుండ్రాలు గీసి, కొందర్ని లోపల పెట్టి, కొందర్ని బయట పెట్టి వివరిస్తోంది. ఇటలీ అబ్బాయికీ పక్కనున్న కొరియా అమ్మాయికీ ఎంతకీ అందడం లేదు. నేను చెయ్యెత్తి మా భాషలో ఈ తేడా ఉందన్నాను. తెలుగులో చెప్పమంది. "మేం వెళ్తున్నాం. మనం వెళ్దాం." ఆ రెండు వాక్యాలూ నాచేత మళ్లీ చెప్పించుకుని, తన పుస్తకం అంచున రాసుకుంది. ఊరుకాని ఊళ్లో నా భాషను ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి. కళ్లు చెమ్మగిల్లాయి.

క్లాసులు పొద్దున ఎనిమిదికే. వెళ్లగానే డిక్టేషన్. గళ్ల కాగితం మీద నిన్నటి మాటలన్నీ చేత్తో రాయాలి. ఎక్కాలు అప్పజెప్పినట్టు రోజూ ఇదే. నిజం చెప్పాలంటే ఆ చేతిరాతలో ఇప్పుడు సగం పోయింది. ఫోన్లో పలుకు కొడితే అక్షరం వచ్చేస్తుంది, చేతికి పనిలేదు. చదవడం మాత్రం పోలేదు. మెషీన్ మీద అంటించిన హెచ్చరిక చీటీ చూడగానే అర్థమవుతుంది. చేత్తో రాయించకపోతే అంత గట్టిగా నిలిచేది కాదని నా నమ్మకం.

ఆ క్యాంపస్‌ను చిన్న ఐక్యరాజ్యసమితి అంటారు. మీరు జాగ్రత్తపడాల్సింది దానివల్లే. అన్ని దేశాలవాళ్లు ఒకచోట చేరితే క్లాసు దాటగానే ఇంగ్లీషులోకి జారిపోతాం. మొదటి టర్మ్ నేనలాగే గడిపేశాను. నా చైనీస్ కదిలింది వూతావ్‌ఖోవ్‌లో, క్యాంపస్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఆ పేరుకు అర్థం ఐదో రైల్వే గేటు. 1909లో మొదలైన పాత రైలు దారి అప్పటికింకా నడుస్తూనే ఉంది. గేటు పడితే సైకిళ్లు, జనం అంతా ఆగాల్సిందే. అక్కడ చలికాలంలో ఒకాయన డ్రమ్ములో గెనుసుగడ్డలు కాల్చి అమ్మేవాడు. తియ్యగా ఉంటుందా అంటే ఒకటే జవాబు: "పు థియెన్, పు యావ్ ఛియెన్." తీపి లేకపోతే డబ్బులొద్దు. లేదు అనే 'పు' రెండుసార్లు వచ్చింది చూడండి. మొదటిది గొంతు దించి అంటారు, రెండోది పైకి లేపి. తర్వాతి మాట దిగే స్వరంలో ఉంటే 'పు' లేస్తుందని క్లాసులో సూత్రం రాసుకున్నాను. నోటికి పట్టింది మాత్రం వేడి గడ్డ చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడినప్పుడే. నేనొచ్చేసిన ఏడాది ఆఖర్లో ఆ గేటు మూసేశారు.

క్లాసులో వినేది శుభ్రమైన బీజింగ్ మాట. ఫ్యాక్టరీకి వచ్చేవాళ్లలో దక్షిణ చైనావాళ్లూ ఉంటారు, చాలామందికి ష పలకదు, అదీ స అయిపోతుంది. పద్నాలుగు షి-స, నలభై స-షి. వాళ్ల నోట్లో రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఒకసారి కొత్త మెషీన్ బిగిస్తుంటే టెక్నీషియన్ ఓ అంకె చెప్పాడు. మా కుర్రాళ్లు స్పానర్ పట్టుకుని నా వంకే చూస్తున్నారు. ముందు లేచి తర్వాత దిగింది స్వరం, నలభైకైతే ముందు దిగి తర్వాత లేస్తుంది. పద్నాలుగే అన్నాను. అయినా వేళ్లతో చూపించమన్నాను. పద్నాలుగే. ఆ స్వరాలు చెవిలో అంతగా నాటకపోయి ఉంటే నలభై అనేసేదాన్నేమో. కాకపోతే ఇలాంటి యాసలకు చెవి అలవాటు కావడానికి పనిలో చేరాక ఏడాది పట్టింది. అది ఏ క్లాసులోనూ రాదు, సిద్ధపడి ఉండండి.

ఇక డబ్బు సంగతి. ఏజెంటు ద్వారా వెళ్తేనే సీటొస్తుందని చెప్పి మా నాన్న దగ్గర ఒకాయన పెద్ద మొత్తమే తీసుకున్నాడు. రెండో ఏడాది నా అప్లికేషన్ నేనే ఆన్‌లైన్లో పెట్టుకున్నాను, ఒక సాయంత్రం పని. నాన్న ఆ అప్పు తీర్చిన నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. యూనివర్సిటీ సైటుకే వెళ్లండి. అంతర్జాతీయ చైనీస్ టీచర్ల స్కాలర్‌షిప్ అని ఒకటుంది. ఏడాది భాషా కోర్సుకు ఫీజు, హాస్టల్ పోను నెలకు 2500 యువాన్లు ఇస్తారు. దానికి హెచ్‌ఎస్‌కే మార్కులు ముందే చేతిలో ఉండాలి కాబట్టి, ఇక్కడే కొంత నేర్చుకుని వెళ్లండి. హైదరాబాద్ ఇఫ్లూలో, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, చైనీస్ చెబుతారు.

చేరగానే ఏ క్లాసులో వేయాలో తేల్చే పరీక్ష పెడతారు. నన్ను అనుకున్నదానికంటే కింది క్లాసులో వేశారు. మార్పించుకుందామని ఆఫీసు దాకా వెళ్లి వెనక్కొచ్చాను. కాగితం ముక్క పట్టుకున్న లావ్‌షీ నాకు దొరికింది ఆ క్లాసులోనే.