డయాజెపామ్, లోరాజెపామ్, జోల్పిడెమ్: ఎవరికి ఏది మేలు?

"ఇద్దరం ఒకటే బిళ్ళ వేసుకున్నాం తమ్ముడూ, ఆయన ఐదింటికే లేచి పాలు తెచ్చాడు, నేను మాత్రం పదకొండు దాకా గోడ పట్టుకునే నడిచాను." పోయిన నెల మా మెడికల్ షాపుకి వచ్చి ఒక అక్క అన్న మాట ఇది. మందు నకిలీదేమో చూడమని స్ట్రిప్పు కూడా తెచ్చింది. నకిలీ కాదు. అది వాళ్ళాయన చీటీ మీద తీసుకున్న జోల్పిడెమ్ అనే నిద్రమాత, 10 మిల్లీగ్రాములు.

జోల్పిడెమ్ నిజానికి తొందరగా పోయే మందు, మామూలుగా రెండున్నర గంటల్లో రక్తంలో సగానికి తగ్గిపోతుంది. కానీ ఆడవాళ్ళ ఒంట్లో నెమ్మదిగా తగ్గుతుంది. పొద్దున లేచి బండి నడపడానికి ఇబ్బంది అయ్యేంత మందు వాళ్ళ రక్తంలో మిగిలిపోతోందని 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్ళకి డోసు 10 నుంచి 5కి తగ్గించింది. అంటే ఆయనకి సరిపోయిన బిళ్ళ ఈ అక్కకి రెట్టింపు డోసు అయింది.

డయాజెపామ్ సంగతి వేరు. మత్తు ఇచ్చి, పట్టేసిన కండరాలని వదులు చేసే మందు అది, దాని పని మా ఇంట్లోనే చూశాను. అమ్మకి డెబ్బై దాటాయి, ఊళ్ళో ఉండగా నడుం పట్టేస్తే అక్కడి డాక్టరు రాత్రికి ఒక 5 మిల్లీగ్రాముల బిళ్ళ రాశారు. మొదటి రాత్రి హాయిగా పడుకుంది. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి కాఫీ ఫిల్టర్‌లో పొడి వెయ్యకుండానే వేణ్ణీళ్ళు పోసి, మూత పెట్టి, డికాక్షన్ దిగుతుందని కూర్చుని చూస్తోంది. ఆ క్షణం నా గుండె జారిపోయింది. డోసు పెరగలేదు, రోజూ అదే ఒక్క బిళ్ళ, కాకపోతే నిన్నటిది, మొన్నటిది ఇంకా ఒంట్లోనే ఉన్నాయి. డయాజెపామ్ కొవ్వులో దాక్కుంటుంది, లివర్ దాన్ని విరిచాక వచ్చే పదార్థం కూడా మత్తుమందే, అదీ రోజుల తరబడి ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ళకి ఒక రోజులో సగానికి తగ్గేది, ముసలితనంలో మూడు రోజులు దాటినా సగం మిగలొచ్చు. దానికి తోడు అమ్మ గ్యాస్‌కి ఒమెప్రజోల్ వేసుకుంటుంది. డయాజెపామ్‌ని విరిచే సీవైపీ2సీ19 అనే ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది. కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ పనిచెయ్యదు, యూరప్ వాళ్ళలో కంటే ఆసియా వాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎక్కువ. ఆ చీటీ నేను ముందే అడిగి చూసి ఉండాల్సింది.

లోరాజెపామ్ కూడా డయాజెపామ్ కుటుంబం మందే, కానీ లివర్‌కి దానితో పెద్ద పనిలేదు, గ్లూకురోనిక్ ఆసిడ్ అనే పదార్థం తగిలించి మూత్రంలోకి పంపేస్తుంది. వయసు వల్ల, లివర్ జబ్బు వల్ల ఆ పని అంతగా దెబ్బతినదు, వెనక మిగిలే మత్తు పదార్థమూ ఉండదు. అందుకే పెద్దవాళ్ళకి, లివర్ చెడినవాళ్ళకి ఈ రెండిట్లో ఒకటి తప్పనిసరైతే లోరాజెపామే మేలని నేను గట్టిగా అంటాను, అదీ తక్కువ డోసులో, కొద్ది రోజులకే. రాత్రి బాత్రూంకి లేచి పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం దానితోనూ ఉంది. అదే లివర్ బాగున్న మనిషి తాగుడు మానేటప్పుడు వచ్చే వణుకుకైతే డాక్టర్లు డయాజెపామ్ వైపు మొగ్గుతారు, అక్కడ అది నెమ్మదిగా దిగడమే మంచిది.

లివర్ ఒక్కటే కాదు, మెదడు అలవాటు కూడా లెక్కే. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలమ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారని అందరికీ తెలిసిందే. 2015లో దాడులు జరిగి ఆ కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్ వైపు జనం పిచ్చిచేష్టలతో, ఫిట్స్‌తో ఆస్పత్రులకి చేరారు. రోజూ అలాంటి కల్లు తాగే మనిషికి ఆపరేషన్ ముందు మామూలు డోసు మత్తు చాలకపోవచ్చు. ఆ మాట ఇంట్లోవాళ్ళ ముందు సిగ్గుపడి దాచేస్తారు, మత్తు డాక్టరుకి మాత్రం చెప్పి తీరాలి. నెలల తరబడి వేసుకుంటున్న బిళ్ళని ఒక్క రోజులో ఆపెయ్యడం కూడా ఇంతే ప్రమాదం, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగానే తగ్గించాలి.

ఇంకో రకం మనుషులున్నారు, మత్తు ఇస్తే నిద్రపోకపోగా రెచ్చిపోతారు, మంచం మీంచి లేచి పోట్లాడతారు. పిల్లల్లో, పెద్దవాళ్ళలో ఇది కనిపిస్తుంది. చాల్లేదనుకుని ఇంకో బిళ్ళ వేస్తే ఇంకా ముదురుతుంది. నిద్ర కోసం ఇంట్లో ఉన్న అలర్జీ బిళ్ళ ఏవిల్ వేసేవాళ్ళకీ ఇదే చెప్తాను, ముసలివాళ్ళకి దానితో మతి తడబడొచ్చు, మూత్రం బిగుసుకోవచ్చు.

అమ్మకి డాక్టరు డయాజెపామ్ ఆపించి పారాసిటమాల్, వేడినీళ్ళ కాపడం చెప్పారు, మళ్ళీ మామూలు మనిషి కావడానికి వారం పైనే పట్టింది. ఆ అక్క మొన్న మళ్ళీ వచ్చింది, ఈసారి తన పేరు మీద చీటీతో, జోల్పిడెమ్ 5, వారం రోజులకి. ఇలాంటి మందులు ఎవరికి అమ్మామో రాసుకునే హెచ్1 రిజిస్టర్‌లో ఆవిడ పేరే రాశాను.