చేతిలో రెండు రాజులు, ఎదురుగా తిక్క ఆటగాడు: ఏది మేలు?

అమెరికాలో ఏదో కాసినోలో ఒకటి-రెండు డాలర్ల హోల్డెమ్ బల్ల అనుకోండి (పోకర్‌లో ఒక రకం: చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు). అందరి ముందూ తలా 200 డాలర్ల చిప్స్. డీలర్ బటన్ మీ దగ్గరుంది, అంటే బల్ల మీద ముక్కలు పడ్డాక చివర మాట్లాడేది మీరే. మీకు పడిన రెండు ముక్కలూ రాజులే, ఒకటి ఇస్పేటు, ఒకటి కళావరు. గంట నుంచి బల్లను అల్లాడిస్తున్న పెద్దమనిషి తన ముక్కలు చూశాడో లేదో గానీ 10 డాలర్లు ముందుకు తోశాడు. ఇందాక ఇదే ధీమాతో ఆడి, చివర్లో ఏడూ రెండూ లాంటి నాసిరకం ముక్కలు తిప్పి చూపించి నవ్వినవాడే. మిగతావాళ్లు ముక్కలు పడేశారు. మీ తర్వాత బ్లైండ్ల వాళ్లిద్దరే ఉన్నారు, అంటే ముక్కలు చూడకముందే తప్పనిసరిగా ఒకరు ఒక డాలరు, ఇంకొకరు రెండు డాలర్లు పెట్టినవాళ్లు.

ఇప్పుడు మూడు దారులు. కాల్ చేసి (వాడు పెట్టినంతే పెట్టి) కిక్కురుమనకుండా మాటు వేయడం, 35కి పెంచడం, ఉన్నదంతా తోసేసి ఆల్-ఇన్ అనడం.

ఆల్-ఇన్ సంగతి ముందే తేల్చేద్దాం. ఏడూ రెండుతో 10 డాలర్లు పెట్టేవాడు అవే ముక్కలతో 200 పెట్టడు, ఎంత తిక్క ఉన్నా. దాదాపు ప్రతిసారీ వాడు తప్పుకుంటాడు, మీకు 13 డాలర్లు వస్తాయి. రాజుల జత సగటున 221 ఆటలకొకసారి పడుతుంది. దాన్ని 13 డాలర్లకి అమ్ముకోవడం నాకు మనసొప్పదు. పైగా వాడు కాల్ చేసే కొద్దిసార్లు చేతిలో ఎక్కువగా ఆసు ఉంటుంది. ఆసు-రాజు మీద మీరు నూటికి 70 సార్లు గెలుస్తారు, ఫర్వాలేదు. రెండు ఆసుల మీద 18 సార్లే. వాడి దగ్గర 40 డాలర్లే మిగిలి ఉంటే మాత్రం ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, అంతా పెట్టించండి.

అసలు పోటీ మాటుకీ, పెంచడానికీ మధ్య.

మూడు ముక్కలాటలో చెయ్యి తిరిగిన మనవాళ్లకి మాటే ముద్దు. బ్లైండ్ ఆడుతూ రెచ్చిపోయేవాడిని చూస్తే, పెద్ద ముక్కలున్న మనిషి మెల్లగా వెంట వెళ్తాడు, వాడిచేతే డబ్బు పోయిస్తాడు. ఆ ఆటలో అది సబబే. పంచిన మూడు ముక్కలే ఆఖరి దాకా ఉంటాయి, మీ మూడు రాజులు అయిదు నిమిషాల తర్వాత కూడా మూడు రాజులే. హోల్డెమ్‌లో ఇంకా అయిదు ముక్కలు బల్ల మీదికి రావాలి. వాటిలో రెండు కలిసొస్తే చాలు, ఏడూ రెండువాడు రెండు జతలవాడైపోతాడు. ఇక్కడ మాటుకి ఖర్చుంది.

ఆ ఖర్చు ఎంతో చూడండి. ఏవో రెండు ముక్కలున్న ఒక్కడి మీద రాజుల జత చివరిదాకా వెళ్తే నూటికి 82 సార్లు గెలుస్తుంది. ఇద్దరైతే 69, ముగ్గురైతే 58. మీరు 10కి ఊరికే కాల్ చేస్తే, చిన్న బ్లైండ్ వాడు ఇంకో 9 పెట్టి, బల్ల మీద పోగైన 23 డాలర్ల పాట్ కోసం ఎందుకు రాడు? వాడిని చూసి పెద్ద బ్లైండ్ వాడూ వస్తాడు. తిక్కవాడిని పట్టడానికి వేసిన మాటులోకి, ఏం పట్టుకున్నారో తెలియని ఇద్దరు మంచి ఆటగాళ్లు వచ్చి కూర్చుంటారు.

డబ్బు లెక్క కూడా పెంచడం వైపే ఉంది. మీరు 35 అన్నారు, వాడు వచ్చాడు, మిగతా ఇద్దరూ వెళ్లిపోయారు. పాట్ 73, ఇద్దరి దగ్గరా చెరో 165. ఫ్లాప్ (బల్ల మీద పడే మొదటి మూడు ముక్కలు) మీద 45 వేస్తే, వాడూ వస్తే పాట్ 163 అవుతుంది, మిగిలేది 120. తర్వాతి ముక్కకి అది మొత్తం వెళ్లిపోతుంది. రెండే పందేలు, రెండూ మామూలు సైజువి. ఊరికే కాల్ చేసి ఇద్దరే మిగిలితే పాట్ 23. అక్కడి నుంచి 200 లోపలికి వెళ్లాలంటే 23, 69, 98 అని మూడు పెద్ద పందేలకి వాడు ఒప్పుకోవాలి.

చాలామందికి టెన్షన్ పుట్టించేది ఫ్లాప్‌లో ఆసు. రాజుల జత ఉన్నప్పుడు అది అయిదింట ఒకసారి కంటే కాస్త ఎక్కువగానే పడుతుంది. జాగ్రత్తపరుడు పెద్ద పందేనికి వచ్చి ఉంటే భయపడాల్సిందే, ఆసులు దాచుకుని ఆడేది వాళ్లే. కానీ ఏ ముక్కలతోనైనా వచ్చేవాడి చేతిలో, బల్ల మీద ఒక ఆసు కనబడుతున్నప్పుడు, ఇంకో ఆసు ఉండేది ఎనిమిదింట ఒక్కసారే. ఆసు పడగానే రాజుల్ని పడేసేవాళ్లు వాడికి ఊరికే డబ్బిచ్చి పంపుతున్నట్టే.

ఫ్లాప్ తర్వాత మాత్రం తిక్క ఎలాంటిదో చూడాలి. ఒక రకం ప్రతిదానికీ కాల్ అంటాడు, తనంతట తాను కొట్టడు. వాడి దగ్గర మాటు వేస్తే ఇద్దరూ పందెం వేయకుండా చెక్ చెప్పుకుంటూ కూర్చోవడమే. ఆటీన్లు రెండు కనబడే ఫ్లాప్‌లో మీరు 45 వేశారనుకోండి. వాడి చేతిలో ఇంకో రెండు ఆటీన్లుంటే తర్వాతి ముక్కకి ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు అయిదు) అయ్యే అవకాశం నూటికి 19. ఆ 45 గిట్టాలంటే నూటికి సుమారు 28 కావాలి. మీరు చెక్ చెబితే ఆ ముక్క వాడికి ఉచితం. కాల్ చేసేవాడిని ప్రతి ముక్కకీ డబ్బు కట్టించాలి.

రెండో రకం చేతులు కట్టుకుని కూర్చోలేడు, సందు దొరికితే కొడతాడు. ఫ్లాప్‌లో ఇంకో రాజు వచ్చి, పక్కన తొమ్మిదీ నాలుగూ, మూడూ మూడు రంగులు. బటన్ మీది కాబట్టి ముందు మాట్లాడేది వాడే. 50 కొట్టాడు. ఇక్కడ పెంచితే వాడు మేలుకుంటాడు. కాల్ చేసి ఊరుకోండి, రెండోసారి కూడా కొడతాడు. మాటు నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే. 1988 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఆఖరి ఆటలో ఎరిక్ సైడెల్ మీద జానీ చాన్ వేసిన మాటు అందరూ చెప్పుకుంటారు. చాన్‌కి ఫ్లాప్‌లోనే జాకీ-తొమ్మిదితో వరస పూర్తయింది, అప్పటికి దాన్ని కొట్టే చెయ్యే లేదు. చెక్ చెబుతూ కూర్చుంటే రాణుల జత పట్టుకున్న సైడెల్ ఉన్నదంతా పెట్టేశాడు. చాన్ దగ్గర ఉన్నది వట్టి జత కాదన్న సంగతి మరిచిపోయి, ప్రతి జతకీ ఆ కథ తగిలిస్తారు.

ఏ రకమో తేలకపోతే నేను పందెం వేస్తాను. కాల్ చేసేవాడైతే డబ్బు వస్తుంది, కొట్టేవాడైతే వాడే పెంచుతాడు. చెక్ పనిచేసేది ఒక్క రకం మీదే.

(ఇవన్నీ అక్కడి బల్లల మాటలు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది.)

చెరో 200 కాకుండా చెరో 500 ఉంటే ఈ జవాబు కొంచెం మారుతుంది. ముందు 35కి పెంచడం, ఫ్లాప్‌లో 45, తర్వాత ఓ 100, అంతవరకూ అదే ఆట. అప్పుడు పాట్ 363, ఇంకా 320 చేతిలో ఉంటాయి. వట్టి రాజుల జతతో ఆ 320 నేను తోయను. కొట్టేవాడైతే వాడి పందేనికి కాల్ చేసి ఊరుకుంటాను. కాల్ చేసేవాడైతే 120 పందెం దగ్గర ఆగుతాను, రాత్రంతా కాల్ తప్ప మాట్లాడని ఆ మనిషి దాని మీద ఒక్కసారిగా పెంచితే రాజుల్ని పడేస్తాను.