పైసలు కట్టే ముందు ఈ లెక్కలు వేయించి చూడండి: ఐపీ బ్లాకుల పెయిడ్ టూల్‌పై నల్లగొండ, పాలమూరు ఆపరేటర్లకు హెచ్చరిక

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు చిన్న బ్రాడ్‌బ్యాండ్ ఆపరేటర్లకూ, కాలేజీల్లో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకూ ఒక కమాండ్ లైన్ టూల్ అంటగడుతున్నారు. ఐపీ అడ్రసుల రేంజ్ ఇస్తే బ్లాకులుగా విడగొడుతుందట, పక్కపక్క బ్లాకుల్ని కలిపి లిస్టు చిన్నది చేస్తుందట, పెద్ద బ్లాకులోంచి చిన్నదాన్ని తీసేస్తుందట. లైసెన్సు ఏడాదికి, అది కూడా ఒక్కో మిషన్‌కు వేరే. కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్లు దాని అవుట్‌పుట్‌ను రౌటర్‌లో పెట్టడం ఈరోజే ఆపండి. ఎందుకంటే లెక్క తప్పినప్పుడు కూడా ఇది ఎర్రర్ చూపదు. సరైన జవాబు ఎలా కనిపిస్తుందో తప్పుడు జవాబూ అలాగే కనిపిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం బ్లాకులు కలిపే దగ్గర. మిర్యాలగూడ కస్టమర్లకు 100.64.1.0/24, హాలియాకు 100.64.2.0/24 ఇచ్చారనుకోండి. (/24 అంటే 256 అడ్రసుల బ్లాకు, /23 అంటే దానికి రెట్టింపు.) 100.64.0.0/10 అంటే సీజీనాట్ (చాలామంది కస్టమర్లకు ఒకే పబ్లిక్ ఐపీ పంచే పద్ధతి) కోసం 2012లో ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6598 పక్కన పెట్టిన బ్లాకే. రెండూ వరుసగా ఉన్నాయి కదా అని ఈ టూల్ వాటిని కలిపేసి 100.64.1.0/23 అని ఇస్తుంది. అసలు అలాంటి బ్లాకే లేదు. /23 మొదలయ్యేది మూడో ఆక్టెట్‌లో (చుక్కల మధ్య మూడో సంఖ్యలో) సరి సంఖ్య దగ్గరే: 0, 1 ఒక జత, 2, 3 ఇంకో జత. 1, 2 పక్కపక్కన ఉన్నా వేర్వేరు జతలవి, కలవవు. ఆ రెండు /24లను అలాగే వదిలేయడమే సరైన జవాబు.

ఇక ఆ తప్పు బ్లాకు ఎక్కడికి పోతుందో చూడండి. లైనక్స్‌లో ఐపీ రూట్ కమాండ్‌కు ఇస్తే ప్రిఫిక్స్ చెల్లదని చెప్పి తీసుకోదు, అక్కడితో బతికిపోయినట్టే. లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌కు ఇస్తే మాత్రం ఏ వార్నింగూ లేకుండా 100.64.0.0/23గా మార్చుకుని రూల్ పెట్టేస్తుంది. ఓఎల్‌టీలు (ఆపరేటర్ వైపు ఫైబర్ బాక్సులు), స్విచ్‌ల మేనేజ్‌మెంట్ ఐపీలు 100.64.0.0/24లో ఉంటే అవన్నీ ఆ నాట్ రూల్ కిందికి వస్తాయి. హాలియా మొత్తం రూల్ బయట పడుతుంది. అక్కడి కస్టమర్‌కు పీపీపీఓఈ (లాగిన్) కనెక్ట్ అవుతుంది, ఐపీ వస్తుంది, గేట్‌వే పింగ్ అవుతుంది, పేజీ మాత్రం ఒక్కటీ తెరుచుకోదు. లైన్‌మన్ పోయి పవర్ మీటర్‌తో ఫైబర్ చూస్తాడు, ఓఎన్‌యూ (ఇంట్లోని ఫైబర్ బాక్సు) మారుస్తాడు, స్ప్లైస్ (ఫైబర్ అతుకు) మళ్లీ కొడతాడు. తప్పు స్తంభం మీద లేదు, రూల్‌లో ఉంది. నాట్ టేబుల్‌లోని రూల్స్ ప్రింట్ చేసి, మీరు ఇచ్చిన బ్లాకూ అక్కడ కనిపించే బ్లాకూ ఒకటేనా అని చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

రెండోది రేంజ్ విడగొట్టడం. 203.0.113.10 నుంచి 203.0.113.20 వరకు ఇచ్చి చూడండి. (203.0.113.0/24 ఉదాహరణల కోసమే కేటాయించిన బ్లాకు, ఎవరి లైన్‌కూ తగలదు.) ఇందులో అడ్రసులు 11. సరిగ్గా విడగొడితే నాలుగు ముక్కలు రావాలి: 203.0.113.10/31, 203.0.113.12/30, 203.0.113.16/30, 203.0.113.20/32. ఈ టూల్ ఒక్క ముక్కే ఇస్తుంది, 203.0.113.0/27. అంటే 32 అడ్రసులు. అందులో 21 మీరు అడగనివి. దాన్ని ఫైర్‌వాల్‌లో అనుమతి లిస్టులో పెడితే ఎవరికో తలుపు తీసినట్టే, బ్లాక్ లిస్టులో పెడితే సంబంధం లేనివాళ్ల సర్వీసు ఆగినట్టే.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి, తీసివేత మాత్రం సరిగ్గానే చేస్తుంది. 203.0.113.0/24లోంచి 203.0.113.16/28 తీయమంటే 203.0.113.0/28, 203.0.113.32/27, 203.0.113.64/26, 203.0.113.128/25 ఇస్తుంది. 16, 32, 64, 128 కూడితే 240, అంటే 256లో 16 పోయినట్టు. డెమోలో అమ్మేవాళ్లు చూపించేది ఎప్పుడూ ఈ ఒక్క లెక్కే. దాన్ని చూసి నమ్మొద్దు.

మన దగ్గర ఎక్కువమంది ఇరుక్కునేది ఇన్‌పుట్ ఫైళ్ల దగ్గర. ఎక్సెల్‌లో వరుస చక్కగా రావాలని 192.168.010.005 అని సున్నాలు కలిపి రాసుకునే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. ముందు సున్నా ఉంటే పాత సీ లైబ్రరీల పద్ధతిలో అది ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా వేసే లెక్క), 010 అంటే 8. ఈ టూల్ అలాగే చదివి 192.168.8.5 అనుకుంటుంది, మీకు చెప్పదు. ఇలాంటి అడ్రసుల్ని తీసుకోవడమే భద్రతా లోపమని 2021లో పైథాన్ మీద సీవీఈ-2021-29921 (భద్రతా లోపాల జాబితాలో నంబరు) నమోదైంది. 3.9.5 వర్షన్ నుంచి పైథాన్ వాటిని తిరస్కరిస్తోంది. కొత్తగా అమ్ముతున్న టూల్‌కు ఈపాటి జాగ్రత్త లేకపోతే ఎట్లా?

ఫైల్‌లో 10.20.300.0/24 లాంటి చెడ్డ లైను (ఏ సంఖ్యా 255 దాటకూడదు) ఉన్నా, విండోస్‌లో సేవ్ చేసినప్పుడు లైను చివర క్యారేజ్ రిటర్న్ అనే కనిపించని గుర్తు చేరినా, ఆ లైను వదిలేసి మిగతావి ఇచ్చి ఎగ్జిట్ కోడ్ 0 (పని సరిగ్గా అయిందని అర్థం) ఇస్తుంది. కమాండ్ అయ్యాక ఎకో $? కొట్టి చూడండి, తెలుస్తుంది. క్రాన్‌లో టైముకు తనంతట నడిచే స్క్రిప్టు ఆ సున్నాను చూసి అంతా బాగుందనుకుని సగం లిస్టును రౌటర్‌కు తోసేస్తుంది. /31ని అడిగితే వాడుకోగల అడ్రసులు 0 అంటుంది, /32ని అడిగితే -1 అంటుంది. పాయింట్ టు పాయింట్ లింకులకు /31లో రెండూ వాడుకోవచ్చని ఆర్‌ఎఫ్‌సీ 3021 చెప్పింది 2000లోనే. ఐపీవీ6లో /64 ఇస్తే ఒక్కో అడ్రస్‌ను లెక్కపెట్టబోయి మెమరీ నిండి చచ్చిపోతుంది.

ఇంకోటి, నడిపిన ప్రతిసారీ లైసెన్సు సర్వర్‌ను అడుగుతుంది. టీసీపీడంప్ (నెట్‌వర్క్ ట్రాఫిక్ చూపే టూల్) పెట్టుకుని నడిపితే ఆ కనెక్షన్ కనిపిస్తుంది. అప్‌స్ట్రీమ్ లింకు పడిపోయి, రూల్స్ మళ్లీ రాసుకోవాల్సిన సమయంలోనే ఇది నడవదన్నమాట.

ఇదంతా స్పీడ్ తగ్గిందనో, ఫోన్లు వస్తున్నాయనో పడే బాధతో ఆగదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి. పబ్లిక్ ఐపీ, పోర్టు, టైము రాసి పోలీసుల నుంచి లేఖ వస్తే ఆ ఐపీ వెనక ఏ కస్టమర్ ఉన్నాడో మనం చెప్పాలి. ఏ బ్లాకు ఏ ఊరిదో చూపే పట్టిక ఇలాంటి టూల్‌తో తయారైతే దేవరకొండ మనిషి చేసిన పనికి హాలియా ఇంటి తలుపు కొడతారు. ఆ ఇంటివాళ్లకు మనం ఏం జవాబు చెప్తాం?

ఇవే పనులు ఉచితంగా, సరిగ్గా చేసేవి ఉన్నాయి. డెబియన్, ఉబుంటులో ఐపీకాల్క్, సిప్‌కాల్క్, నెట్‌మాస్క్, అగ్రిగేట్, గ్రెప్‌సిడర్ ప్యాకేజీలను ఏపీటీతో వేసుకోవచ్చు. పేర్లు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి. ఒక్క జాగ్రత్త: ఫెడోరా, రెడ్‌హ్యాట్‌లో అదే పేరుతో వచ్చే ఐపీకాల్క్ వేరే ప్రోగ్రాం, ఆప్షన్లు కలవవు. నా మాట అడిగితే పైథాన్ 3తో వచ్చే ఐపీఅడ్రస్ మాడ్యూల్ చాలు. కలపడానికి కొలాప్స్_అడ్రసెస్, రేంజ్‌కు సమ్మరైజ్_అడ్రస్_రేంజ్, తీసివేతకు అడ్రస్_ఎక్స్‌క్లూడ్. ఐపీ_నెట్‌వర్క్‌కు 100.64.1.0/23 ఇచ్చి చూడండి, హోస్ట్ బిట్లు ఉన్నాయని, అంటే బ్లాకు సరైన చోట మొదలవలేదని వాల్యూఎర్రర్‌తో అక్కడే ఆపుతుంది. ఏ టూల్ వాడినా ముందు, తర్వాత మొత్తం అడ్రసుల సంఖ్య లెక్కపెట్టండి. ఇచ్చిన బ్లాకులు ఒకదానిపై ఒకటి పడనప్పుడు, కలిపాక ఆ సంఖ్య ఒక్కటి పెరిగినా, తగ్గినా రౌటర్ ముట్టుకోవద్దు.

ఇప్పటికే పైసలు కట్టినవాళ్లు: అడిగితే మీ ఇన్‌పుట్ తప్పంటారు. అందుకని లైనక్స్‌లో స్క్రిప్ట్ కమాండ్ మొదలుపెట్టి, టూల్ వర్షన్, పైన ఇచ్చిన ఇన్‌పుట్లు, వచ్చిన అవుట్‌పుట్ ఒకే ఫైల్‌లో పడేలా నడిపి దాచుకోండి. రీఫండ్ రాతపూర్వకంగా అడగండి, ఫోన్ మీద కాదు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడు హైదరాబాద్‌లో ఉన్నా సరే. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని అవతలివాళ్లు వాదిస్తారు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్నవాళ్లకు అదే చట్టంలో మినహాయింపు ఉంది, సొంతంగా నడుపుకునే చిన్న ఆపరేటర్లు ఆ మాట ఫిర్యాదులోనే రాయాలి. బిల్లు ఇవ్వకపోతే యూపీఐ రసీదు, వాట్సాప్‌లో వచ్చిన కొటేషన్ జతచేయండి. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.