రిమోట్ ఒకటి తగ్గింది, నిద్ర కూడా కొంత తగ్గింది

మా ఇంట్లో టీవీకి తగిలించిన ఈ వీడియో ప్లేయర్ ఇన్నేళ్లు నిలబడిందంటే కారణం బొమ్మ కాదు, వేగమూ కాదు. దీనికంటూ వేరే రిమోట్ లేకపోవడమే. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి, అందులో కోడి (Kodi) అనే వీడియోలు ఆడించే సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. వీటి పుట్టుపూర్వోత్తరాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి ఆ జోలికి పోను. నాకు దీని మీద ఉన్న మురిపెమంతా రిమోట్ దగ్గరే. కోపమూ అక్కడే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. అమ్మ పుట్టిల్లు అటు, కాపురం ఇటు. అమ్మ చదివింది తెలుగు, నా భార్య చదివింది ఒడియా. పిల్లలు రెండూ గలగలా మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటారు. ఇలాంటి ఇంట్లో టీవీ ముందు ఎవరేం చూడాలో తేలడమే ఒక పంచాయితీ. దానికి తోడు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద విరుచుకుపడింది. స్తంభాలు కూలి కరెంటు పోయింది. కరెంటు వచ్చాక కూడా మా వీధికి నెట్ ఇంకా ఆలస్యంగా వచ్చింది. ఇంట్లో చూసుకునేవి ఇంట్లోనే ఒక డిస్కులో ఉండాలన్న పట్టుదల నాకు అప్పుడే పుట్టింది. పెళ్లి వీడియోలు, పిల్లల చిన్ననాటి వీడియోలు, అమ్మ కోసం కొన్న పాత తెలుగు సినిమాల డీవీడీలు అన్నీ ఒకచోట చేరాయి.

అందుకే అందరూ కొనే, నెట్ మీద నడిచే టీవీ స్టిక్కుల వైపు పోలేదు. నెట్ బాగున్న ఇంట్లో వాటికి తిరుగులేదు, ఆ మాట ఒప్పుకోవాలి. టీవీకి యూఎస్‌బీ ఉంది కదా, డిస్కు అందులోనే పెట్టుకోరాదా అని మా బావమరిది అన్నాడు. పెట్టి చూశాం. కొన్ని సినిమాలకు బొమ్మ వస్తుంది, మాట రాదు. శబ్దం డీటీఎస్ పద్ధతిలో ఉంటే చాలా టీవీలు దాన్ని విప్పలేవు. కోడికి ఆ పట్టింపు లేదు, ఏది పెట్టినా ఆడిస్తుంది.

ఇక రిమోట్ సంగతి. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో పదమూడో పిన్నుకు ఒక తీగ ఉంటుంది. టీవీ, దానికి తగిలించిన పెట్టె ఆ తీగ మీదనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దాన్నే సీఈసీ అంటారు. 2005లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.2ఏ నాటికే దీని నియమాలన్నీ స్థిరపడ్డాయి. అయినా కంపెనీలు ఎవరి పేరు వారు పెట్టుకున్నారు. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. టీవీ సెట్టింగుల్లో ఆ పేరు వెతికి ఆన్ చేస్తే బాణాలు, ఓకే, బ్యాక్ అన్నీ ప్లేయర్‌కు చేరిపోతాయి. కొన్ని చవక కేబుళ్లలో ఆ తీగ వేయనే వేయరు. బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది, రిమోట్ మాత్రం ఎంత నొక్కినా ఉలకదు. పైగా పై 4కు కావలసింది మైక్రో హెచ్‌డీఎంఐ. మా ఊళ్లో అడిగిన ప్రతి దుకాణంలోనూ మినీ తీసి చేతిలో పెట్టారు. చివరికి బరంపురం నుంచి తెప్పించుకున్నాను.

అమ్మ దీన్ని నేర్చుకోవడం చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. అంతకుముందు మా ఇంట్లో ఉన్న డీవీడీ ప్లేయర్ రిమోట్‌కు బ్యాటరీ మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు చుట్టి ఉంచేవాళ్లం. అందులో గుండుసూది తలంత అక్షరాలు. అమ్మ దాన్ని ముట్టుకునేది కాదు, పిల్లల్ని పిలిచేది. ఇప్పుడు టీవీ రిమోట్ తీసుకుని, బాణాలతో పోస్టర్ల మీద ఒక్కొక్కటే జరుగుతూ పోయి, కావలసిన బొమ్మ దగ్గర ఆగి ఓకే నొక్కుతుంది. పేరు చదవక్కర్లేదు, పోస్టర్ చూస్తే చాలు. పోస్టర్లను కోడి నెట్‌లోని టీఎండీబీ అనే సినిమా సమాచార సైటు నుంచి తెచ్చుకుంటుంది. కానీ మన పాత సినిమాల విషయంలో దాన్ని నమ్ముకోకూడదు. తెలుగు సినిమాకు అదే పేరున్న హిందీ సినిమా పోస్టర్ తెచ్చి అంటించిన సందర్భాలు ఉన్నాయి. సినిమా ఉన్న ఫోల్డరులోనే పోస్టర్ అన్న పేరుతో మనకు నచ్చిన బొమ్మ పెడితే అదే చూపిస్తుంది. డీవీడీ అట్టలను ఫోనుతో ఫొటో తీసి అలాగే పెట్టాను. అట్ట మీది మడత కూడా తెర మీద కనిపిస్తుంది, అమ్మకు అదే గుర్తు.

డీటీహెచ్ రిమోట్ మాత్రం ఇంకా ఉంది. మా పెట్టెకు సీఈసీ రాదు. కాబట్టి ఒకే రిమోట్ అని నేను బంధువులందరికీ చెప్పుకున్నది నిజానికి మూడింటి బదులు రెండు అని. ఇంకో చిక్కు, ఆ తీగ మీద మాటలు మహా నెమ్మది. సెకనుకు సుమారు 400 బిట్లు. ఒక్కో నొక్కుకు ఇబ్బంది లేదు గానీ పెద్ద జాబితాలో బాణం పట్టుకుని కిందికి పోదామంటే అది మీ వేలితో కలిసి రాదు. వేలు తీశాక కూడా రెండు మూడు పోస్టర్లు దాటి ఆగుతుంది. అందుకని సినిమాలన్నీ ఒకే వరుసలో లేకుండా ఏళ్లవారీగా విడగొట్టాను.

ఇంతవరకు మురిపెం. అసలు కథ ఒక వేసవి రాత్రిది.

వైశాఖంలో సాయంత్రం గాలివాన మాకు కొత్త కాదు. ఎక్కడో తీగల మీద కొమ్మ విరిగిపడుతుంది, కరెంటు పోతుంది, రాత్రి ఏ వేళకో వస్తుంది. ఫ్యాన్లు, లైట్లు ఇన్వర్టర్ మీద ఉంటాయి కాబట్టి పడుకున్నవాళ్లకు ఆ పోవడమూ రావడమూ తెలియదు. టీవీ ప్లగ్గు మాత్రం ఇన్వర్టర్ మీద లేదు. ఆ రాత్రి అందరం నిద్రలో ఉన్నాం. హాల్లో దివాన్ మీద అమ్మ. ఒంటిగంట దాటాక టీవీ తనంతట తాను వెలిగింది. శబ్దం లేదు. గది నిండా నీలం వెలుగు, తెర మీద వరసగా సినిమా పోస్టర్లు.

"ఒరే నాన్నా, టీవీ ఎవరు వేశారురా?" అని అమ్మ కేక. నేను లేచి వచ్చేసరికి దివాన్ మీద కూర్చుని రెండు చేతులూ చూపిస్తోంది, "నేను రిమోట్ ముట్టుకోలేదు, అదిగో అక్కడుంది" అని. రిమోట్ నిజంగానే అవతల బల్ల మీద ఉంది. నా భార్య వచ్చి, "కలగని లేచారేమో అత్తయ్యా, పడుకోండి" అంది. టీవీ వెలిగే ఉంటే కల ఎలా అవుతుందని అమ్మ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. టీవీ ఆపి నేను అటు తిరిగానో లేదో వంటింట్లో ఫ్రిజ్ ఆగిన చప్పుడు, కాసేపటికి మళ్లీ గుర్రుమన్న చప్పుడు. అర నిమిషం గడిచిందేమో, నా కళ్ల ముందే టీవీ మళ్లీ వెలిగింది.

అప్పుడు అర్థమైంది. పై 4కు ఆన్, ఆఫ్ స్విచ్ ఉండదు. కరెంటు అందితే చాలు, లేచి కూర్చుంటుంది. లేవగానే అందులోని కోడి ఆ పదమూడో పిన్ను తీగ మీద టీవీని కూడా లేపుతుంది, బొమ్మను తన వైపు తిప్పమంటుంది. పగలు నేను అందరికీ చూపించి మురిసిన సదుపాయం ఇదే. ప్లేయర్ ఆన్ చేస్తే టీవీ దానంతట అదే వెలుగుతుంది చూడండి అని చెప్పేవాణ్ని. అర్ధరాత్రికి, పట్టపగటికి తేడా దానికేం తెలుసు?

ఆ తర్వాత పగలు కూడా మొదలైంది. లైటు మినుక్కుమన్నంత సేపు వోల్టేజి పడిపోతే టీవీ తట్టుకుంటుంది, ప్లేయర్ తట్టుకోదు. ఆరిపోయి మళ్లీ లేచి, డీటీహెచ్‌లో అమ్మ చూస్తున్న సీరియల్‌ను పక్కకు నెట్టి తన పోస్టర్లు ముందు పెడుతుంది. అదీ అత్తాకోడళ్ల గొడవ తారస్థాయిలో ఉన్నప్పుడే. అమ్మ తనకు తోచిన వైద్యం మొదలుపెట్టింది. రాత్రి టీవీ మీద తుండు కప్పడం, అది పనిచేయక ప్లేయర్ ప్లగ్గు పీకేయడం. ప్లగ్గు పీకడం అన్నిటికంటే ప్రమాదం. లిబ్రెఎలెక్ ఉండే మెమరీ కార్డు మీద ప్లేయర్ ఏదో రాస్తుండగా కరెంటు తీస్తే ఆ రాత పాడవుతుంది. కొన్నాళ్లకు అదే జరిగింది, పొద్దున ప్లేయర్ లేవలేదు. డిస్కులో సినిమాలు భద్రంగా ఉన్నాయి గానీ కార్డు మీది లిబ్రెఎలెక్ పోయింది. దాని సెట్టింగుల్లోనే బ్యాకప్ సదుపాయం ఉంది. ఆ బ్యాకప్‌ను డిస్కు మీదికి తీసి ఉంచాను కాబట్టి పోస్టర్లతో సహా అన్నీ తిరిగి వచ్చాయి. మీరు ఏదైనా ఒక్కటి చేయదలచుకుంటే అది చేయండి.

సెట్టింగుల్లో మందు లేకపోలేదు. కోడిలో సిస్టం, ఇన్‌పుట్, పెరిఫెరల్స్, సీఈసీ అడాప్టర్ అని వరసగా పోతే, మొదలైనప్పుడు ఏయే పరికరాలను వెలిగించాలి అన్నది ఒకటి, బొమ్మను తన వైపు తిప్పుకోవాలా అన్నది ఒకటి కనిపిస్తాయి. మొదటిది ఏదీ వద్దు అని పెట్టి, రెండోది తీసేశాను. టీవీ ఆపితే ప్లేయర్ ఏం చేయాలి అని ఇంకొకటి ఉంటుంది. అక్కడ ఏమీ చేయవద్దు అనే పెట్టుకోండి. ప్లేయర్‌ను కూడా ఆపమని పెడితే అది పూర్తిగా పడుకుంటుంది, మళ్లీ లేపడానికి రిమోట్ చాలదు, ప్లగ్గు పీకి పెట్టాల్సిందే.

రాత్రి వెలుగులు ఆగాయి. దాంతోపాటు ఆ ముచ్చట కూడా పోయింది. ఇప్పుడు అమ్మ సినిమా చూడాలంటే సోర్స్ బటన్ నొక్కి, రెండో హెచ్‌డీఎంఐ ఎంచుకోవాలి. అది నేర్పడానికి పట్టిన సమయం మిగతావన్నీ నేర్పడానికి పట్టలేదు. ఇంకొకటి కూడా బయటపడింది. టీవీ పూర్తిగా ఆరి ఉన్నప్పుడు ప్లేయర్ లేస్తే అవతల తెర ఉందో లేదో దానికి తెలియదు. తర్వాత టీవీ వేస్తే సిగ్నల్ లేదనే వస్తుంది. లిబ్రెఎలెక్‌లో గెట్‌ఎడిడ్ అనే ఆదేశం ఉంది, టీవీ వివరాలను ఒకసారి రాసి దాచుకుంటుంది. అది చేశాక ఆ బాధ తప్పింది. కానీ కంప్యూటర్ నుంచి ప్లేయర్‌లోకి ప్రవేశించి ఆదేశాలు కొట్టడం అందరికీ చెప్పదగిన పని కాదు.

చివరికి పనిచేసింది సాఫ్ట్‌వేర్ కాదు, ఎలక్ట్రీషియన్. ప్లేయర్ ప్లగ్గును ఇన్వర్టర్ లైను మీదికి మార్పించాను. అయినా మొదట్లో కరెంటు పోయిన ప్రతిసారీ ప్లేయర్ ఆరిపోతూనే ఉంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఎకో అని రెండు వైపులున్న చిన్న స్విచ్ ఉంటుంది. యూపీఎస్ వైపు ఉంటే లైను మారడం వేగంగా జరుగుతుంది. అటు నొక్కాక ప్లేయర్ ఆరిపోవడం మానింది, కార్డు కూడా మళ్లీ పాడవలేదు. ప్లేయర్‌కు అడాప్టరు దాని సొంతదే వాడండి. ఫోను ఛార్జరు పెడితే నడుస్తుంది గానీ వోల్టేజి చాలనప్పుడల్లా తెర మూలలో పసుపుపచ్చ మెరుపు గుర్తు వస్తుంది.

లైను మార్చకముందు ఇంకో బాధ ఉండేది. సినిమా ఎక్కడ ఆపామో కోడి గుర్తుపెట్టుకుంటుంది, నిజమే. కానీ ఆ చోటును మనం ఆపినప్పుడే రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిందే.

మా పెళ్లి డీవీడీ గురించి ఒక్క మాట. దాన్ని వీడియో టీఎస్ ఫోల్డరుతో సహా డిస్కులోకి ఎక్కిస్తే కోడి దాన్ని డీవీడీలాగే, మెనూతో సహా, తెరిచింది. టీవీలో నేరుగా పెట్టినప్పుడు తలంబ్రాలు పోసుకునే చోట చేతులు కదిలిన ప్రతిసారీ అడ్డంగా దువ్వెన పళ్లలా గీతలు వచ్చేవి. పాత వీడియోల్లో ఒక్కో బొమ్మను సగం సగం గీతలుగా తీస్తారు కాబట్టి అలా వస్తుంది. కోడి ఆ సగాలను కలిపి చూపిస్తుంది. బియ్యపు గింజలు గింజల్లాగే పడ్డాయి. దీనికి నేనేమీ సెట్టింగు మార్చలేదు.

కొనమంటానా అంటే, మీ ఇంటి సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో సొంత వీడియోల గుట్ట ఉంది, నెట్ మీద నమ్మకం లేదు, ఇన్వర్టర్ ఉంది, సెట్టింగులు తిరగేసే ఓపిక నాకుంది. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా లెక్క మారిపోతుంది. కొత్తగా కొనేవాళ్లకు పై 5 ఉంది, దానికి స్విచ్ కూడా పెట్టారు. అయితే హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియోలను విప్పే ప్రత్యేక భాగం అందులో తీసేశారు, ఆ పని ప్రాసెసరే చేసుకుంటుంది. మా వీడియోల్లో ఎక్కువ భాగం ఆ రకమే కాబట్టి నేను మారలేదు. విశాఖలో ఉన్న మా తమ్ముడు ఇది చూసి తనకూ ఒకటి బిగించి ఇమ్మన్నాడు. వాడింట్లో నెట్ ఆగదు, ఇన్వర్టర్ లేదు. స్టిక్కు కొనుక్కోమన్నాను.