తడి, పొడి డబ్బాలు: హనుమకొండలో ఏళ్ల తరబడి వాడినాక

ఆకుపచ్చ డబ్బాలో తడి చెత్త, నీలం డబ్బాలో పొడి చెత్త, పొద్దున్నే వచ్చే ఆటోకు రెండూ అప్పజెప్పడం. ఈ పద్ధతిని ఏళ్లుగా వాడుతున్న మీదట చెప్పేది ఒక్కటే: పొడి చెత్త ఆటోకివ్వండి, తడి చెత్తను మాత్రం వీలైనంత వరకు గేటు దాటనివ్వకండి, ఇంట్లోనే ఎరువు చేసుకోండి. తడి చెత్త ఒకసారి ఆటో ఎక్కిందంటే దాని గతి మీద ఇంటివాళ్లకు ఏ పట్టూ ఉండదు.

వేరు చేసి ఇవ్వడం ఈ ఊరికి తెలియని విద్యేం కాదు. ఇంటింటా తడి, పొడి వేరు చేయించి చెత్త సేకరించే క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ అనే పోటీ 2012 అక్టోబరులోనే వరంగల్‌లో జరిగింది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంట్లోనే వేరు చేయడాన్ని దేశమంతటా తప్పనిసరి చేశాయి. అయినా చెత్త మళ్లీ కలిసిపోతున్నదంటే కారణం చాలావరకు ఆటో తొట్టి లెక్కలోనే ఉంది. తడి చెత్తకు బరువెక్కువ, పట్టే జాగ తక్కువ. పొడి చెత్త దానికి పూర్తిగా ఉల్టా. తొట్టిని మధ్యకు రేకు పెట్టి సగం సగం చేస్తే పొడి వైపు ముందే నిండిపోతుంది. ఇంకా సగం గల్లీ మిగిలి ఉండగానే అట్టపెట్టెలు తడి చెత్త మీద పడతాయి. పప్పుచారు పీల్చుకున్న అట్టను కొనేవాడు ఉండడు. దీనికి పారిశుద్ధ్య కార్మికుల మీద అరిచి లాభం లేదు, ఆ బండిలో వాళ్లకు వేరే జాగ లేదు. బెంగళూరులో చేసినట్టు పొడి చెత్తకు వారంలో రోజులు విడిగా పెడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అంతదాకా మన చేతిలో ఉన్నది అట్టపెట్టె విప్పి చదును చేయడం, నీళ్ల సీసా నలిపి మూత బిగించడం. అదే చెత్త మూడో వంతు జాగలో పడుతుంది.

పాల ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ముక్కను పూర్తిగా తెంపకండి. ఆ చిన్న ముక్కను ఏరేవాళ్లు లేరు, అది నేరుగా మోరీలోకే పోతుంది. ప్యాకెట్టును ఒక్కసారి కడిగి ఆరబెడితే పాత సామాన్ల వాళ్లు కూడా తీసుకుంటారు. పేపర్లు, ఇనుము, సీసాలు ఎలాగూ వాళ్లకే అమ్ముతాం. చివరికి నీలం డబ్బాలో మిగిలేది చిప్స్ ప్యాకెట్లు, సబ్బు రేపర్లు, పల్చటి కవర్లు. వీటిలో చాలావాటికి మారు బేరం లేదు. 120 మైక్రాన్ల మందం కన్నా పల్చని క్యారీ బ్యాగుల మీద 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది. కానీ కూరగాయల బండి దగ్గర ఇప్పటికీ చేతిలో పెట్టేది అవే. ఆ కవరులోనే తడి చెత్త మూటగట్టి ఇవ్వడం అన్నిటికంటే పెద్ద తప్పు. ముడి విప్పే తీరిక ఎవరికీ ఉండదు, మూట మూటగానే మడికొండ చెత్త యార్డుకు చేరుతుంది. గాలి ఆడక లోపల కుళ్లి మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది, వేసవిలో గుట్టలు అంటుకునేది ఇలాంటి వాటివల్లే. డబ్బా అడుగున రెండు పొరలు పాత పేపరు వేసుకుంటే కవరు అవసరమే లేదు.

ఇక తడి చెత్తతో ఎరువు. ఖరీదైన కుండలేం అక్కర్లేదు, 20 లీటర్ల పాత పెయింటు బకెట్లు మూడు చాలు. రెండుతో మొదలుపెట్టినవాళ్లు మధ్యలో ఇరుక్కుంటారు. నలుగురున్న ఇంట్లో రోజుకు ముప్పావు కిలో తడి చెత్త వస్తుందనుకుంటే, అది కుంగుతూ బకెట్టు నిండడానికి మూడు వారాలు పడుతుంది. నిండినది మాగడానికి ఆరు వారాలు. మూడోది నిండే వేళకు మొదటిది ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉంటుంది. కాల్చిన చువ్వతో అడుగున ఐదారు, చుట్టూ నాలుగేసి అంగుళాల దూరంలో బొక్కలు పెట్టి, ఇటుకల మీద నిలిపి, కింద పళ్లెం పెట్టాలి. అడుగున మూడంగుళాలు కొబ్బరి పీచు లేదా ఎండుటాకులు. దానిపైన రోజూ ఉల్లిగడ్డ పొట్టు, ఆలుగడ్డ తొక్కలు, చాయ్‌పత్తి, అరటి తొక్క అంగుళం ముక్కలుగా చేసి వేయండి. ఎంత తడి వేస్తే అంతే ఎండుటాకు పైన కప్పాలి. మొదటి వారం రెండు చెంచాల పుల్ల మజ్జిగ చల్లితే త్వరగా అందుకుంటుంది. వారానికి రెండుసార్లు అడుగునుంచి కలపాలి.

పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు కారాలి. ధారగా కారితే ఆకు తక్కువైనట్టు. కుళ్లిన గుడ్డు వాసనకు కారణం లోపల గాలి ఆడకపోవడం. ముక్కు మండే ఘాటు వస్తే పచ్చి చెత్త ఎక్కువైంది. రెండిటికీ మందు ఎండుటాకు, కలియబెట్టడం. బూడిద రంగు లావు పురుగులు కనిపిస్తే భయపడి పారబోయకండి, అవి నల్ల సైనిక ఈగ పిల్లలు, చెత్తను ఇంకా త్వరగా తింటాయి. చీమలు పట్టాయంటే ఎండిపోయిందని అర్థం. మే నెలలో ఇది తప్పదు, బియ్యం కడిగిన నీళ్లు చల్లుతూ ఉండాలి. మాంసం, ఎముకలు, నూనె, పచ్చడి అడుగు వేయకూడదు. మామిడి టెంకలు, ముంజకాయ బొండాలు ఈ బకెట్లో మాగవు, వాటిని ఆకుపచ్చ డబ్బాలో వేసి ఆటోకే ఇవ్వండి.

ఎండుటాకు ఏడాది పొడుగునా దొరకదు. వేప, కానుగ రాల్చే ఫిబ్రవరి, మార్చిలోనే గోనె సంచులు నింపి వాన తగలని చోట పెట్టుకోకపోతే జూలైలో బకెట్టు తప్పకుండా వాసన కొడుతుంది. ఈ పనిని చాలామంది మానేసేది సరిగ్గా అక్కడే. బతుకమ్మ రోజుల్లో ఇంటి నిండా మిగిలే గునుగు కాడలు, తంగేడు రెమ్మలు కూడా మంచి సరుకు. గునుగు కాడ నారగా ఉంటుంది, రెండంగుళాలకు తుంచి ఆరబెట్టి ఆకుతో కలుపుకోవాలి. బంతి రేకలు ఒకేచోట పోస్తే చాపలా అతుక్కుని కింద గాలి ఆగిపోతుంది, పలచగా చల్లండి. దండల దారం ముందే లాగేయాలి. మాగినది నల్లగా, చేతికి పొడిపొడిగా తగులుతుంది. ఇసుక జల్లెడలో పట్టి, ఒక పాలు ఎరువుకు మూడు పాళ్ల మట్టి కలిపి కుండీలకు వేసుకోవచ్చు. జల్లెడలో మిగిలిన పిప్పి తర్వాతి బకెట్టుకు తోడు.

రెండు డబ్బాలతో తీరనిది ఒకటుంది. ప్యాడ్లు, డైపర్లు, గడువు తీరిన మందులు, బ్లేడ్లు, బ్యాటరీ సెల్లులు, ట్యూబ్‌లైట్లు. 2016 నియమాలు ప్రమాదకరమైన వాటిని మూడో రకంగా విడిగా పెట్టమన్నాయి, ఇళ్లల్లో మాత్రం రెండే డబ్బాలున్నాయి. కాబట్టి మూతున్న చిన్న డబ్బా మీరే ఒకటి పెట్టుకోండి. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి పైన ఎర్ర స్కెచ్‌తో అడ్డగీత గీసి, ఆటో అతని చేతికి విడిగా ఇచ్చి చెప్పాలి. చేతులతో ఏరేది వాళ్లే. ఇన్సులిన్ సూదులు కవరులో వేయకండి, మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత తిప్పేయండి. ట్యూబ్‌లైటులో పాదరసం ఉంటుంది, పగలగొట్టకుండా కొత్తది వచ్చిన అట్టలోనే పెట్టి ఇవ్వాలి. ఇన్వర్టర్ బ్యాటరీ అసలు చెత్తే కాదు, కొత్తది కొనేచోట పాతదానికి ధర తగ్గిస్తారు.